తెల్లరాయి మనదే, పలక మాత్రం చైనాది

సంపాదకులకు నమస్కారం.

నేను 19 ఏళ్లు సైదాపురం గనుల నుంచి తెల్లరాయి తోలిన లారీ డ్రైవర్ని. గూడూరు దాటితే నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ మీదుగా చెన్నై హార్బరు. గూడూరు నుంచి దాదాపు 140 కిలోమీటర్లు. అక్కడ కంటైనర్లలోకి ఎక్కించి చైనాకు పంపేవాళ్లు. ఆ రాయితో వాళ్లకేం పనో నేనెప్పుడూ అడగలేదు. బాడుగ చేతికొస్తే చాలనుకునేవాణ్ణి.

పోయినేడు మా మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాను. సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీ ఖాతాలో పడింది. సబ్సిడీ రావాలంటే డీసీఆర్ ప్యానెళ్లే పెట్టాలన్నారు. అంటే ఎండని కరెంటుగా మార్చే బిళ్ల సెల్లూ, ఆ బిళ్లలు పేర్చి చేసిన ప్యానెలూ రెండూ మన దేశంలోనే చేసినవై ఉండాలి. వాటికి రేటు ఎక్కువే. అయినా వెనకున్న స్టిక్కరు మీద మేడ్ ఇన్ ఇండియా అని చూసి, పోనీలే అనుకున్నాను.

మా అమ్మాయి హైదరాబాద్ దగ్గర ప్యానెళ్ల ఫ్యాక్టరీలో, సెల్లుల్ని వరసగా తీగలతో అతికించే మెషిన్ దగ్గర పని చేస్తుంది. సంక్రాంతికొచ్చి మిద్దెక్కి చూసి, "సెల్లు చేసింది మన దగ్గరే నాయనా, అది ఏ పలక మీద చేశారో ఆ పలక చైనా నుంచి వచ్చుంటుంది" అంది. వాళ్లు దాన్ని వేఫర్ అంటారట. ఆ పలక సిలికాన్‌ది. ఆ సిలికాన్ వచ్చేది క్వార్ట్జ్ రాయి నుంచి. క్వార్ట్జ్ అంటే మన తెల్లరాయే. ఈ ముక్క తెలియడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

అమ్మాయి చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. రాయిని బొగ్గుతో కలిపి కొలిమిలో దాదాపు 2,000 డిగ్రీల దాకా కాలుస్తారు. రాతిలోని ఆక్సిజన్ని బొగ్గు లాక్కుపోతే సిలికాన్ మిగులుతుంది. దాన్ని గ్యాసులా మార్చి, మలినాలు తీసేసి మళ్లీ గట్టిపరుస్తారు. అది పాలీసిలికాన్. దాన్ని 1,400 డిగ్రీల పైన కరిగించి దిమ్మెగా పెంచి, వజ్రపు పొడి పట్టించిన సన్న తీగతో పలకలుగా కోస్తారు. పలక మన వెంట్రుక కన్నా కొంచెం మందం, అంతే. కోతలో కొంత సరుకు పొడైపోతుంది. ఇదంతా విపరీతంగా కరెంటు తాగే పని.

ఈ సంగతి టీ కొట్టు దగ్గర చెబితే ఒక పెద్దాయన పట్టుకున్నాడు. "ప్యానెల్ చెయ్యడానికి తగలేసిన బొగ్గుకీ, అదిచ్చే కరెంటుకీ చెల్లు. ఇంక ఎండలు తగ్గేదెక్కడ?" అని. ఆ లెక్క తప్పు. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, తయారీలో వెలువడిన కాలుష్యాన్ని ప్యానెల్ 4 నుంచి 8 నెలల్లో పూడ్చేస్తుంది. ఆ తర్వాత పాతికేళ్లు మిగులే. అయితే పెద్దాయన అన్నదాంట్లో గింజంత నిజం లేకపోలేదు. ప్రపంచంలో ప్యానెళ్ల తయారీకి వాడే కరెంటులో 60 శాతానికి పైగా బొగ్గుదేనని అదే నివేదిక చెప్పింది. ప్రతి దశలోనూ చైనా వాటా 80 శాతం పైనే.

నేను రాయదలిచింది ఇక్కడే. నాయుడుపేటలో సెల్ ఫ్యాక్టరీ వస్తోంది, సంతోషం. కానీ సెల్లుతో ఆగిపోతే మా రాయి సముద్రం దాటి, పలకై, మళ్లీ సముద్రం దాటి రావాల్సిందే. కొలిమి, దిమ్మె, కోత కూడా ఇక్కడే జరగాలి. అదీ బొగ్గు కరెంటుతో కాదు. కొలిమిని రాత్రి ఆర్పేస్తే కుదరదు గనక పగటి ఎండ ఒక్కటే చాలదు. గాలి మరలు, బ్యాటరీలు, నంద్యాల జిల్లా పిన్నాపురంలో లాగా నీళ్లు పైకి తోడి రాత్రి కరెంటు తీసే ఏర్పాట్లు కావాలి. ఖర్చే. కాకపోతే బొగ్గు కరెంటుతో ఇక్కడ చేసినా ఒకటే, చైనాలో చేసినా ఒకటే, ఆకాశం ఒక్కటే కదా.

భూమి మాట కూడా. 2025లో ఉలవపాడు మండలం కరేడు రైతులు సోలార్ ఫ్యాక్టరీకి భూములిచ్చేది లేదంటూ హైవే మీద కూర్చున్నారు. ఉలవపాడు మామిడి, సపోటా తిననివాడు మా వైపు ఎవడుంటాడు? ఫ్యాక్టరీ కావాలనే నేనే, వాళ్లు కూర్చోవడం తప్పనలేను. తోటల్ని వదిలేసి చవిటి నేలలూ, తవ్వి వదిలేసిన మా గనుల చుట్టుపక్కల బీళ్లూ చూడొచ్చు. ఆ గనుల్లో రాతి దుమ్ము పీల్చి దగ్గుతున్నవాళ్లు నాకు తెలుసు. నీళ్లు చల్లుతూ డ్రిల్లింగ్ చెయ్యడం ఎక్కడ చూసినా కాగితం మీదే.

మీ విలేకరిని ఒక రోజు తెల్లరాయి లారీ వెంట హార్బరు దాకా పంపండి. టన్ను ఇక్కడ ఎంతకి పోతోందో, పలకై తిరిగొచ్చేసరికి ఎంతవుతోందో పక్కపక్కనే అచ్చు వెయ్యండి. నా పేరు మాత్రం వెయ్యొద్దు, ఇప్పటికీ ఆ లారీల వాళ్లతోనే టీ తాగుతుంటాను.

— ఒక పాత లారీ డ్రైవర్, సైదాపురం మండలం