వంటింటి కిటికీ ఎదుట పెట్టే చెట్టు

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. అమ్మ మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పి నెలైంది, అయినా పొద్దున్నే మేడ మీద కుండీలకు నీళ్లు పోస్తోందని తమ్ముడు చెప్పాడు. ఆ పని వాడికి అప్పజెప్పండి. నా ఉద్యోగం బాగానే సాగుతోంది, పని ఎక్కువే, కొత్తగా చెప్పడానికేం లేదు. మీ అల్లుడికి ఇంకో రెండు నెలలు రాత్రి డ్యూటీలే.

ఆదివారం ఫోనులో మీరు "పెరట్లో పెట్టేది పైన్ చెట్టా, మేపుల్ చెట్టా, ఏది తేల్చారు?" అని అడిగారు. చెప్పేలోపే లైను కట్టయింది. మళ్లీ చేస్తే అమ్మ ఎత్తి, "చెట్టు పెడుతున్నారంటే ఇక అక్కడే ఉండిపోతారన్నమాట" అంది. నేను ఏదో ఒకటి అనేసి పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. అమ్మ మాటకు కూడా జవాబు రాస్తాను, ముందు చెట్టు సంగతి.

పక్కింటి పైన్ చెట్టును మీకు వీడియోలో చూపించాను, గుర్తుందా? దాన్ని పోయిన శరదృతువులో కొట్టేశారు. మీకు చెప్పలేదు. పెద్దావిడ ఇల్లు అమ్మి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. కొత్తగా వచ్చినవాళ్లకు చెట్టు ఇంటికి మరీ దగ్గరగా ఉందని భయం. వాళ్ల తప్పేం లేదు, నిజంగానే దగ్గరగా ఉంది. కానీ నాన్నగారూ, ఆ సాయంత్రం నేను వంటింట్లో గిన్నెలు కడుగుతూ తలెత్తితే ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ లేదు. చిన్నది వెళ్లి మొద్దు మీది వలయాలు లెక్కపెట్టింది. అరవై ఏడు దాకా వచ్చి, మధ్యలో సన్నగా కలిసిపోయాయని ఆపేసింది. మీకంటే పెద్ద చెట్టు.

ఈ చలికాలం ఎలా గడిచిందో మీకు రాయలేను. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ మిగతా చెట్లన్నీ ఎండుపుల్లల్లా నిలబడతాయి. మన వేప కూడా ఆకు రాలుస్తుంది, కానీ రాలుస్తూనే చిగురు వేస్తుంది, మనకు బోడిగా కనిపించేది కొద్ది రోజులే. ఇక్కడి మేపుల్ ఐదారు నెలలు అలాగే ఉంటుంది. ఆయన రాత్రి డ్యూటీకి వెళ్లాక, చిన్నది పడుకున్నాక, ఆ కిటికీలో పచ్చగా కనిపించేది ఆ ఒక్క పైన్ చెట్టే. మంచు పడితే కొమ్మలు అరచేతులు చాచినట్టు పట్టుకునేవి. గాలి వేస్తే సరుగుడు తోపులో వచ్చే హోరే, కళ్లు మూసుకుంటే తేడా తెలియదు.

సరుగుడు అంటే గుర్తొచ్చింది. "పైన్ అంటే మన సరుగుడే కదా, దానికేం చూడాలి" అన్నారు మీరు. చూడటానికి ఒకేలా ఉంటాయి గాని, రెండింటికీ చుట్టరికం లేదు. సరుగుడు పువ్వు పూసే జాతి. దాని మీద మనం ఆకులనుకునేవి నిజానికి సన్నటి రెమ్మలు, గణుపు దగ్గర లాగితే ఊడివస్తాయి, అసలు ఆకులు ఆ గణుపుల దగ్గర పొలుసుల్లా ఉంటాయి. పైన్‌కు సూదులే ఆకులు. పక్కింటిది వైట్ పైన్. దాని సూదులు ఐదేసి కలిసి ఒక గుత్తిగా వస్తాయి, మెత్తగా ఉంటాయి, చేతికి గుచ్చుకోవు. రోడ్డు చివర ఉన్నది స్కాట్స్ పైన్, దానికి రెండేసి. చిన్నది ఏ పైన్ కనిపించినా ముందు సూదులు లెక్కపెడుతుంది. మీ మనవరాలే!

ఇక మేపుల్. మీ అల్లుడి ఓటు దానికే. ఆయన్ని తప్పు పట్టలేను, అక్టోబరులో మేపుల్‌ను చూస్తే ఎవరైనా అదే అంటారు. ఎదురింటి షుగర్ మేపుల్ ఒక వారం పసుపు, ఒక వారం నారింజ, ఆ తర్వాత ఎరుపు. పసుపు రంగు ఆకులో ముందునుంచీ ఉంటుందట, పైనున్న పచ్చదనం విరిగిపోతే బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు ఆకులో మిగిలిన చక్కెరలతో తయారవుతుంది. పగలు ఎండ బాగా కాసి రాత్రి చలి వేస్తే ఎరుపు బాగా తేలుతుంది, మబ్బు పట్టిన ఏడాది అంతగా ఉండదు. కెనడా జెండా మీద 1965 నుంచి ఉన్నది ఈ మేపుల్ ఆకే. గింజలకు రెక్కలుంటాయి, గిరగిరా తిరుగుతూ దిగుతాయి. చిన్నది వాటి వెంట పరిగెత్తడం చూస్తే నాకూ ఒక్కోసారి మనసు మారిపోతుంది.

తమ్ముడు మాత్రం "మేపుల్ పెడితే పాకం కాచుకోవచ్చు" అంటున్నాడు. వాడికి చెప్పండి, ఒక లీటరు పాకం కావాలంటే నలభై లీటర్ల దాకా రసం మరిగించాలి. పైగా రసం తీయాలంటే మాను లావెక్కాలి, అందుకు ముప్ఫై నలభై ఏళ్లు పడుతుంది.

మీరు అడిగిన అసలు ప్రశ్న వేళ్ల గురించి. మేపుల్ వేళ్లు లోతుకు పోవు. నేల పైపైనే పరుచుకుంటాయి, కొన్నాళ్లకు మట్టిలోంచి పైకి తేలతాయి. కింద దట్టమైన నీడ, వేళ్ల పోటీ, గడ్డి సరిగ్గా రాదు. నడిచే బాటకు దగ్గరగా పెడితే రాళ్లను ఎత్తేస్తుంది. సిల్వర్ మేపుల్ తొందరగా పెరుగుతుంది గాని కొమ్మ బలం లేదు. రెండేళ్ల కిందట కొమ్మలకు మంచుగడ్డ పేరుకున్న రోజున వెనకింటివాళ్ల రేకుల గదిమీద కొమ్మ విరిగిపడింది, ఆ చప్పుడుకు నేనే లేచాను. అమ్మా, ఎవరికీ ఏమీ కాలేదు, నువ్వు దీన్ని పట్టుకుని టెన్షన్ పడకు. నార్వే మేపుల్ అసలు వద్దు. ఎక్కడపడితే అక్కడ మొలిచి ఇక్కడి అడవి మొక్కల్ని తొక్కేస్తోంది. షుగర్ మేపుల్ గట్టిది, కానీ నెమ్మదిగా పెరుగుతుంది, నేల గట్టిపడినా, రోడ్డుమీద చల్లే ఉప్పు తగిలినా తట్టుకోలేదు. జపనీస్ మేపుల్ చిన్నది, ముందు వాకిట్లోకి బాగుంటుంది, కానీ నాకు కావలసిన నీడా మరుగూ దానివల్ల రావు.

పైన్‌కు మాత్రం దోషాలు లేవని కాదు. ఉప్పు దీనికీ పడదు, కానీ మా పెరడు రోడ్డుకు దూరం. తడిమంచు ఎక్కువ పడితే వైట్ పైన్ కొమ్మలు విరుగుతాయి. పై కొన లోపలికి ఒక రకం పురుగు దూరి చంపేస్తుంది, అప్పుడు పక్క కొమ్మల్లో ఒకదాన్ని నిలబెట్టి మిగతావి కత్తిరించాలి. అన్నిటికంటే ముఖ్యం, మన చెట్లైతే మోడు కొట్టినా మళ్లీ చిగురు వేస్తాయి, ఇది వేయదు. సూదులు లేని పాత కొమ్మ దగ్గర కోస్తే అది అంతే, ఎండిపోతుంది. పొట్టిగా ఉంచాలంటే వసంతంలో లేత కొనలు కొవ్వొత్తుల్లా నిలబడినప్పుడే సగానికి గిల్లాలి. అందుకని పెట్టేటప్పుడే, పెరిగాక ఎంతవుతుందో చూసి చోటు ఎంచుకోవాలి. పాతిక మీటర్ల దాకా పోయే చెట్టు ఇది. పక్కింట్లో జరిగిన పొరపాటు అదే, రెండు చేతుల ఎత్తున్న మొక్కను చూసి గోడ పక్కన పెట్టారు. దాని ప్రాణం ఆ రోజే సగం పోయింది.

మా వెనక మూల ఇంటికి చాలా దూరం, కొలిచాం. వాయవ్య దిక్కు. చలిగాలి వచ్చేది అటునుంచే, కాబట్టి ఏడాదంతా ఆకు ఉండే చెట్టు అక్కడ ఉంటే గాలి కాస్త ఆగుతుంది. మేపుల్‌కు సరైన చోటు నైరుతి. వేసవిలో నీడ ఇస్తుంది, చలికాలం ఆకు రాల్చి ఎండను ఇంట్లోకి వదులుతుంది. ఆయన వాదన ఇదే, నిజం కూడా. కానీ నైరుతిలో మురుగు పైపు ఉంది, పెద్ద చెట్టుకు చోటు లేదు. మీరు చెప్పినట్టే అక్టోబరులో వెనక మూల గొయ్యి తీసి నీళ్లు పోశాం, గంటన్నరలో ఇంకిపోయాయి. నీళ్లు నిలిస్తే పైన్‌కు కష్టం, ఇక ఆ భయం లేదు. కింద సూదులు రాలి మట్టి పులిసిపోతుందన్నారు కదా, సూదుల వల్ల మట్టి పెద్దగా మారదు, ఏమీ మొలవకపోవడానికి కారణం నీడా వేళ్లే.

అందుకే పైన్ చెట్టే పెడుతున్నాను. మేపుల్ రంగులు చూడాలంటే అది మన చెట్టే కానక్కర్లేదు, ఎదురింటిది కళ్లకు నిండుగా కనిపిస్తుంది, దాని ఆకులు ఎలాగూ మా పెరట్లోనే పడతాయి. నలభై సంచులకు పోగుచేసేది మేమే. చలికాలం పచ్చదనం మాత్రం నా కిటికీకి ఎదురుగానే ఉండాలి. ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "నీకోసం సరే" అన్నారు. అది చాలు.

అమ్మా, ఇప్పుడు నీ మాటకు. చెట్టు పెట్టినవాళ్లంతా అక్కడే ఉండిపోతారని ఏముంది? నాన్నగారు బదిలీ అయిన ప్రతి ఊళ్లోనూ మొక్క పెట్టారు, నువ్వే నీళ్లు పోశావు, మూడేళ్లకు సామాను సర్దుకున్నాం. అప్పుడు ఎవరూ అడగలేదు. ఎన్నేళ్లుంటామో నాకూ తెలియదు, తెలిస్తే నీకు చెప్పకుండా ఉంటానా? ఉన్నన్నాళ్లూ కిటికీలోంచి ఖాళీని చూస్తూ ఉండలేను. అంతే. దీని మీద మళ్లీ ఫోనులో ఏడవద్దు, నాకు రెండు రోజులు పని చేతకాదు.

వైట్ పైన్ లేతగా ఉన్నప్పుడు ఏటా ఒక వరుస కొమ్మలు చుట్టూ వేస్తుంది, వరుసలు లెక్కపెడితే వయసు సుమారుగా తెలుస్తుంది. మేం చూసి పెట్టుకున్న మొక్కకు ఐదు వరుసలున్నాయి. మీరు వచ్చేసరికి ఆరు ఉండాలని చిన్నది అంటోంది, ఏడు కాకూడదట. టిక్కెట్ల సంగతి వచ్చే నెల మాట్లాడదాం.

నేల కరగ్గానే, ఏప్రిల్ ఆఖరులో పెడతాం. గొయ్యి వెడల్పుగా, లోతు మాత్రం వేరుముద్ద ఎంతుందో అంతే. కాండం మొదట్లో వెడల్పయ్యే చోటు మట్టి పైనే కనిపించాలి. చుట్టూ చెక్కపొట్టు పరుస్తాం, మొదలుకు ఆనకుండా. మొదటి రెండేళ్లు నేల గడ్డకట్టేదాకా నీళ్లు పోస్తూనే ఉండాలి. సూదుల్లోంచి చలికాలమూ నీరు ఆవిరవుతుంది, గడ్డకట్టిన నేలలోంచి వేళ్లు తీసుకోలేవు, అందుకే మార్చిలో గోధుమరంగుకు తిరుగుతాయి. శరదృతువులో లోపలి పాత సూదులు పసుపెక్కి రాలితే మాత్రం భయం లేదు, అది ఏటా జరిగేదే. తెలియక మొదటి ఏడాది పక్కింటావిడ తలుపు కొట్టి "మీ చెట్టు చచ్చిపోతోంది" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కొనల్లో కొత్త పచ్చదనం చూపించింది.

ఒక్కటి మీరే చెప్పాలి. మీరెప్పుడూ మొక్క పక్కన కర్ర పాతి గట్టిగా కట్టేవారు. ఇక్కడివాళ్లు గాలికి ఊగితేనే కాండం లావెక్కుతుందంటున్నారు, కడితే వదులుగా కట్టి ఏడాదికి విప్పేయమంటున్నారు. మా మూల గాలి గట్టిదే. కట్టనా, మాననా? కడితే ఎంత ఎత్తులో కట్టాలి? అమ్మ మోకాలి సంగతీ, ఇదీ వెంటనే రాయండి. తమ్ముడితో ఫోటో తీయించి పంపినా చాలు.

మీ అమ్మాయి