గోడ కట్టడంతో పని అయిపోదు

సంపాదకులకు నమస్కారం.

నిరుడు మా ఊరి పార్కులో ఒక నల్లగోడ కట్టారు. పైన 'మా ఊళ్లో నేను చూడాలనుకునేది' అని రాసి, కింద వరసగా గీతలు గీసి, పక్కనే చాక్‌పీసుల డబ్బా పెట్టారు. ఎవరైనా రాయొచ్చు. మొదటి వారం సాయంత్రమైతే చాలు, అక్కడ జనమే జనం. గేటు దగ్గర కూరగాయలు అమ్మే ఒకావిడ తనకు రాయడం రాదని చెప్పి, మా మనవరాలి చేత 'ఆడవాళ్లకు బాత్‌రూమ్' అని రాయించింది. ఏ మీటింగులోనూ నోరు విప్పని మనిషి అక్కడ తన మాట చెప్పుకుంది. ఆ గోడ విలువ నాకు అప్పుడే తెలిసింది.

రెండో వారానికి చాక్‌పీసులు అయిపోయాయి. మళ్లీ ఎవరూ పెట్టలేదు. గీతలన్నీ నిండిపోయినా తుడిచేవాళ్లు లేరు. తర్వాత బొగ్గుతో బూతులు రాశారు. ఇప్పుడు దాని నిండా ట్యూషన్ల పోస్టర్లే. వార్డు ఆఫీసులో అడిగితే, 'మన జనానికి ఏం పెట్టినా ఇంతేనండీ' అన్నారు. ఆ మాటకు చాలా బాధేసింది. అది నిజం కాదు కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇలాంటి గోడను 2011లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో క్యాండీ చాంగ్ అనే కళాకారిణి మొదలుపెట్టారు. తనకు ఎంతో ఇష్టమైన మనిషి చనిపోయిన దుఃఖంలో, ఒక పాడుబడ్డ ఇంటి గోడకు నల్లరంగు వేసి, 'చనిపోయేలోగా నేను...' అన్న వాక్యాన్ని దారినపోయేవాళ్లకు వదిలేశారు. ఒక్కరోజులో గోడ నిండిపోయింది. నిండినప్పుడల్లా కడిగి మళ్లీ రాయనిచ్చారు. ఆ తర్వాత 70కి పైగా దేశాల్లో అలాంటి గోడలు వెలిశాయి. పొద్దున వేసిన ముగ్గు సాయంత్రానికి చెరిగిపోతే మర్నాడు మళ్లీ వేసుకునే మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

ఇలాంటి చిక్కు ఒక్క మన జనంతోనే వచ్చేది కాదు. లండన్‌లోని టేట్ గ్యాలరీలో 1971లో రాబర్ట్ మోరిస్ అనే శిల్పి జనం ఎక్కడానికి, ఊగడానికి, దొర్లించడానికి చెక్కలతో, తాళ్లతో రకరకాల కట్టడాలు పెట్టారు. కొందరికి దెబ్బలు తగలడంతో నాలుగు రోజులకే మూసేశారు. 2009లో టేట్ వాళ్లే మరింత భద్రంగా ఉండే సామగ్రితో వాటిని మళ్లీ కట్టించి జనాన్ని పిలిచారు.

చూసి వెళ్లిపోయే విగ్రహానికి ప్రారంభోత్సవం చేస్తే సరిపోతుందేమో, జనం చేయి పడాల్సిన కళకు మాత్రం రోజూ ఒక మనిషి కావాలి. అందుకే ఇలాంటివి పెట్టేటప్పుడు ఏడాది నిర్వహణ ఖర్చు కూడా టెండర్‌లోనే చేర్చాలి. మా గోడకైతే అంత ఖర్చు కూడా లేదు. వాచ్‌మన్‌కు చాక్‌పీసుల డబ్బా అప్పగించి, వారానికోసారి కడిగిస్తే చాలు. కడిగే ముందు ఫోటో తీసి వార్డు ఆఫీసుకు పంపాలి. లేకపోతే జనం రాసినవి ఎవరు చదివినట్టు? మొన్న ఆ కూరగాయలావిడ నన్ను అడిగింది కూడా ఇదే.

చాక్‌పీసులు నేను కొనిస్తాను. ముందు ఆ పోస్టర్లు తీయించమని అధికారులను కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ టీచర్