హెడ్‌సెట్ ఎంపికలో మా పొరపాటు, ఇకపై మా పద్ధతి

ఫ్రేము, ఫోర్కు విడివిడిగా తెచ్చుకుని మా షాపులో మౌంటెన్ బైకు కట్టించుకుంటున్న వారందరికీ హెడ్‌సెట్ గురించి, అంటే హ్యాండిల్ తిరగడానికి ఫ్రేము ముందు గొట్టంలో (హెడ్ ట్యూబులో) పైనా కిందా ఉండే బేరింగుల జత గురించి, ఒక విషయం దాపరికం లేకుండా చెప్పవలసి ఉంది. గత నెలలో మేము బిగించి ఇచ్చిన ఒక బైకు, వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో రెండు వారాలు తిరిగాక, ముందు బ్రేకు పట్టినప్పుడల్లా టక్కుమంటోందంటూ వెనక్కి వచ్చింది. ఫోర్కు ఊడదీసి చూస్తే పై బేరింగు తన గూటిలో కదులుతోంది, గ్రీజు బూడిదరంగు ముద్దగా మారింది, అల్యూమినియం గూటి అంచున వేలికి తగిలేంత గీత పడింది. వెర్నియర్‌తో కొలిస్తే బేరింగు బయటి వ్యాసం 41 మిల్లీమీటర్లు, ఆ ఫ్రేముకు కావలసింది 41.8.

తప్పు పూర్తిగా మాదే. ఫ్రేమూ ఫోర్కూ టేపర్డ్ అనగానే షాపులో ఉన్న టేపర్డ్ హెడ్‌సెట్ తీసి వేసేశాము. నిజానికి ఫోర్కు విషయంలో ఆ మాటకు అర్థం స్టీరర్ గొట్టం (ఫోర్కు నుంచి ఫ్రేములోకి పైకి వెళ్లే గొట్టం) పైన 28.6, అడుగున 38.1 మిల్లీమీటర్లు ఉంటుందని మాత్రమే. అది దూరే హెడ్ ట్యూబు లోపలి కొలత ఎంతో ఆ మాట చెప్పదు.

ఆ కొలతను చెప్పేది హెడ్‌సెట్లకు వాడే ఎస్‌హెచ్‌ఐఎస్ అనే సంకేత పద్ధతి. ఉదాహరణకు పైన జెడ్‌ఎస్44/28.6, కింద జెడ్‌ఎస్56/40 అని ఉంటే, మొదటి అక్షరాలు కప్పు (బేరింగును పట్టి ఉంచే గిన్నె) రకాన్ని, వాటి పక్క అంకె హెడ్ ట్యూబు రంధ్రాన్ని, గీత తరువాతి అంకె పైన స్టీరర్‌ను, కింద ఫోర్కు మీద క్రౌన్ రేసు (అడుగు బేరింగు ఆనే రింగు) కూర్చునే చోటును తెలుపుతాయి. ఈసీ అంటే కప్పు ఫ్రేము బయట కనిపించే రకం, జెడ్‌ఎస్ అంటే కప్పు లోపలికి దిగే రకం, ఐఎస్ అంటే కప్పే లేకుండా బేరింగు నేరుగా ఫ్రేములోని గూటిలో కూర్చునే రకం. మేము దెబ్బతిన్నది ఈ చివరి రకంలోనే. 41 మిల్లీమీటర్ల ఐఎస్41 బేరింగు, 41.8 బేరింగు కోసం చేసిన ఐఎస్42 గూటిలో సులువుగా కూర్చుంటుంది కనుక చేతికి అనుమానం రాదు. పైగా మొదటిదాని లోపలి వాలు సాధారణంగా 36 డిగ్రీలు, రెండవదానిది 45 కనుక, మీరే ఇంట్లో బేరింగు మార్చుకునేటట్లయితే దాని సీలు మీద చెక్కిన అంకెలను పాతదానితో పోల్చి చూడండి, లేకుంటే స్టీరర్‌ను పై బేరింగులో కదలకుండా పట్టే కంప్రెషన్ రింగు సరిగా ఆనదు.

పైనా కిందా ఒకే 44 మిల్లీమీటర్ల రంధ్రమున్న ఫ్రేములు తెచ్చేవారు టేపర్డ్ ఫోర్కు పట్టదేమోనని బెంగపడుతుంటారు. పడుతుంది, పైన జెడ్‌ఎస్44/28.6, అడుగున ఈసీ44/40 వేస్తే సరిపోతుంది. అయితే అడుగు కప్పు బయట ఉండటం వల్ల బైకు ముందుభాగం సుమారు సెంటీమీటరు లేచి, హెడ్ కోణం దాదాపు అర డిగ్రీ వాలుతుంది. దిగుడు దారుల్లో ఇది హాయిగానే ఉంటుంది, నిటారు ఎక్కుళ్లలో మాత్రం చక్రం కొంచెం తేలికగా అనిపిస్తుంది. 34 మిల్లీమీటర్ల పాత హెడ్ ట్యూబులో టేపర్డ్ స్టీరర్ దూరదు, దానికి ఏ కప్పుతోనూ దారి లేదు.

ఇకపై ఫ్రేమూ ఫోర్కూ రెండూ మా బల్ల మీదికి వచ్చి, హెడ్ ట్యూబు రెండు చివర్లను, క్రౌన్ రేసు చోటును కొలిచి రాసుకున్న తరువాతే హెడ్‌సెట్ తెప్పిస్తాము. దీనివల్ల బైకు చేతికి రావడం కొన్ని రోజులు ఆలస్యమవుతుంది, అందుకు మన్నించండి. కొలతల కాగితం బిల్లుతో పాటు మీకు ఇస్తాము. స్టీరర్‌ను కూడా హెడ్‌సెట్ ఎత్తు, స్పేసర్లు (ఎత్తు సరిచేసే రింగులు), స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టే భాగం) అన్నీ పేర్చి చూశాకే కోస్తాము.

ఈ సంవత్సరం మా దగ్గర బైకు కట్టించుకున్నవారు ముందు బ్రేకు గట్టిగా పట్టి, పై మూతకూ ఫ్రేముకూ మధ్య సందు మీద వేలు పెట్టి, బైకును ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. వేలికి కదలిక తగిలితే మూత బిగించి తొక్కడం కొనసాగించకుండా తీసుకురండి. బేరింగుకూ పనికీ డబ్బు తీసుకోము, గూడు అరిగి ఉంటే ఫ్రేము సంగతి కూడా మేమే చూసుకుంటాము.