తమ్ముడి ఒంటి గురించి నీతో ఒక మాట

చి. ల. సౌ. అమ్మలుకి,

పర్లాకిమిడి నుంచి అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. రథయాత్రకి పిల్లల్ని తీసుకుని వస్తున్నావని చెప్పగానే మీ నాన్నగారు పై గది సర్దడం మొదలుపెట్టారు. నువ్వు వచ్చేలోపే ఒక విషయం చెప్పాలి. ఫోన్లో మాట్లాడదామంటే తమ్ముడు పక్కనే తిరుగుతుంటాడు. అందుకే ఈ ఉత్తరం.

మొన్న వాడి ఫొటో చూసి, "వీడేంటమ్మా ఇలా ఉబ్బిపోయాడు, ఆ నాలుక కింద మాత్రలు మానిపించెయ్" అని మెసేజ్ పెట్టావు. ఆ మాత్ర బుప్రెనార్ఫిన్, నొప్పి మాత్రల వ్యసనం నుంచి వాడు బయటపడటానికి డాక్టరుగారు రాసింది. తమ్ముడి మీద బెంగతోనే అన్నావని తెలుసు. కానీ ఆ మాట వాడి చెవిన పడకూడదమ్మా. ఆమధ్య పాతపట్నంలో పెళ్లికి వెళ్తే ఒకాయన నలుగురిలో ఇదే మాట అన్నాడు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేశాడు. మేము కనిపెట్టేసరికి ఒకటే ఆవలింతలు, కళ్లల్లో ముక్కులో నీళ్లు, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఆ రాత్రే డాక్టరుగారికి ఫోన్ చేసి మళ్లీ మొదలుపెట్టించాం.

సైన్సు టీచరుగా పనిచేసినదాన్ని కదా, డాక్టరుగారు చెప్పింది విని ఊరుకోలేకపోయాను. దొరికినదల్లా చదివాను. మెదడు అడుగున హైపోథాలమస్ అని చిన్న భాగం ఉంది. కొవ్వులోంచి వచ్చే లెప్టిన్, ఖాళీ కడుపులోంచి వచ్చే గ్రెలిన్ అనే హార్మోన్లు చెప్పే కబుర్లు విని ఎంత తినాలో చూసుకునేది అదే. అక్కడ కొన్ని నాడీకణాలు పీవోఎంసీ అనే పెద్ద ప్రొటీను చేస్తాయి. అది ముక్కలైనప్పుడు ఒక ముక్క "ఇక చాలు" అని ఆకలిని ఆపుతుంది. ఇంకో ముక్క బీటా ఎండార్ఫిన్, మన ఒళ్లు సొంతంగా చేసుకునే నల్లమందు అనుకో. నొప్పి తగ్గిస్తుంది, తిన్నదాంట్లో హాయి పుట్టిస్తుంది. చాలు అనిపించేదీ, ఇంకొంచెం కావాలనిపించేదీ ఒకే ప్రొటీనులోంచి రావడం నాకు ఎంత ఆశ్చర్యమనిపించిందో!

మార్ఫిన్, హెరాయిన్, మనవాడు మింగిన నొప్పి మాత్ర ట్రమడాల్, ఓపియాయిడ్లనే ఈ మందులన్నీ వెళ్లి అతుక్కునేది ఆ ఎండార్ఫిన్ కోసం ఉన్న గ్రాహకాలకే, అంటే కణాల మీద అది వచ్చి కూర్చునే చోట్లకే. మెదడులో ఆ గ్రాహకాలున్నాయని 1973లో తేలింది. ఒళ్లు సొంతంగా చేసుకునే ఇలాంటి పదార్థాల్ని మొదట 1975లో స్కాట్లాండులో హ్యూస్, కోస్టర్లిట్జ్ అనే శాస్త్రవేత్తలు బయటపెట్టారు. బయటినుంచి మందు రోజూ వచ్చి ఆ చోటంతా ఆక్రమిస్తుంటే ఆకలి లెక్కలు తప్పకుండా ఎలా ఉంటాయి?

కాలు విరిగి ఆ ట్రమడాల్ అలవాటయ్యాక వాడు ఎంత చిక్కిపోయాడో నువ్వూ చూశావు. అన్నం కలిపి పెడితే నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయిందనేవాడు. వాడు చెప్పింది నిజమే. అవే గ్రాహకాలు పేగుల గోడల్లోనూ ఉన్నాయి. మందు పడితే కడుపూ పేగులూ మందగిస్తాయి, తిన్నది ముందుకు కదలదు, వికారం, మలబద్ధకం. ట్రమడాల్ దొరకని రోజున వాంతులు, విరేచనాలు. దీనికి తోడు, ఏది కావాలో మెదడుకి గుర్తుచేసే డోపమిన్ మొత్తం మందు చుట్టూనే తిరుగుతుంటే అన్నం మీదికి మనసెలా పోతుంది?

తీపి మాత్రం అప్పుడూ వదల్లేదు. దిండు కింద క్రీమ్ బిస్కెట్ల కవర్లు, టీలో అడుగున కరగకుండా మిగిలిపోయేంత పంచదార. ఇలాంటి మందులకు అలవాటు పడ్డవాళ్లలో, ఆ అలవాటు మాన్పించడానికి ఇచ్చే మెథడోన్ అనే మందు చికిత్సలో ఉన్నవాళ్లలో తీపి యావ ఎక్కువని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. పసిపిల్లలకి సూది వేసేముందు నాలుక మీద పంచదార నీళ్ల చుక్క వేస్తే ఏడుపు తగ్గుతుంది. ఎలుకపిల్లల మీద చూస్తే, ఓపియాయిడ్లను అడ్డుకునే మందు ఇచ్చాక తీపితో ఆ ఉపశమనం రాలేదు. అంటే తీపి తగిలినప్పుడు ఒళ్లు తన సొంత మందు కొంచెం వదులుతోందన్నమాట. మనవాడి ఒళ్లు వెతుక్కుంటున్నదీ అదే. ఇది జిహ్వచాపల్యం అంటే నేనొప్పుకోను.

నాల్ట్రెక్సోన్ అనే మందు ఆ గ్రాహకాలను మూసేస్తుంది. మానేసినవాళ్లు మళ్లీ అటు పోకుండా దాన్ని ఇస్తారు. దాన్నే బ్యూప్రోపియాన్ అనే ఇంకో మందుతో కలిపి 2014లో అమెరికాలో బరువు తగ్గే మందుగా అనుమతించారు. ఎక్కడో చదివి తమ్ముడికి ఇప్పించమంటావేమో, వద్దు. తమ్ముడిలా బుప్రెనార్ఫిన్ వాడుతున్నవాళ్లు అది వేసుకుంటే ఆ ఆవలింతలు, వాంతులు అన్నీ ఒక్కసారిగా మీదపడతాయి.

ఇప్పుడు వాడికి వికారం లేదు, నిద్ర పడుతోంది, వేళకి ఆకలేస్తోంది. పోయిన బరువు తిరిగొచ్చి మరికొంత పెరిగింది. చాలాకాలం ఓపియాయిడ్లు వాడిన మగవాళ్లలో టెస్టోస్టిరోన్ అనే మగ హార్మోన్ తగ్గి, కండ కరిగి కొవ్వు చేరుతుందట. దానికి రక్తపరీక్ష రాశారు. బరువు సంగతి డాక్టరుగారూ మేమూ చూసుకుంటాం. మాత్ర ఆపడం మాత్రం జరగదు. ఎందుకో విను. మానేసిన కొన్నాళ్లకి ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి పోతుంది. అప్పుడు టెన్షన్‌లో మళ్లీ ఆ నొప్పి మాత్రలు పాత లెక్కన మింగితే ఊపిరి ఆగిపోవచ్చు. చాలామంది పిల్లలు పోయేది అలాగే. నా కొడుకు లావైతే అవనీ, వాడు బతకాలి.

పొద్దున్నే చోడి (రాగి) అంబలి, ఉడికించిన గుడ్డు ఇస్తున్నాను. మధ్యాహ్నం కూరముక్కలు ఎక్కువ వేసి ఒడియావాళ్ల దాల్మా, దానికి సరిపడా అన్నం. సాయంత్రం మీ నాన్నగారు వాడిని వెంటబెట్టుకుని మహేంద్రతనయ ఒడ్డు దాకా నడిపిస్తున్నారు. టీలో పంచదార ఒక్కసారిగా ఆపలేదు, చెంచా చెంచా తగ్గిస్తున్నాను. ఇంకో సంగతి, నాలుక కింద కరిగే ఈ మాత్రలతో పళ్లు పాడవుతాయని 2022లో అమెరికా మందుల సంస్థ హెచ్చరించింది. మాత్ర పూర్తిగా కరిగాక నీళ్లు పుక్కిలించి మింగాలి, గంటైనా ఆగాకే పళ్లు తోముకోవాలి. తీపి తినేవాడు కదా, అది నేను దగ్గరుండి చూస్తున్నాను.

మీ ఆఫీసులో అమ్మాయి వాళ్ల అన్నయ్య గురించి అడిగావు. మత్తుమందుల అలవాటు మాన్పించడానికి ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చెయ్యమను, డబ్బులు పడవు. సిగ్గుపడొద్దని కూడా చెప్పు. 2019లో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు కేంద్రానికి ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో ఓపియాయిడ్లు వాడుతున్నవాళ్లు 2 కోట్ల 26 లక్షల మంది. ఆ బాధ పడుతున్నది మన రెండిళ్లే కాదు.

నువ్వొచ్చినప్పుడు లావు మాట, సన్నం మాట రెండూ ఎత్తకు. అల్లుడుగారికీ ఒక మాట చెప్పి ఉంచు, ఆయన సరదాకి అన్నా వీడు మనసులో పెట్టుకుంటాడు. పనికి ఎలా వెళ్తున్నావురా, ఏం వండుకుందాంరా అని అడుగు. పిల్లలతో ఆడనియ్యి. స్వీట్ల డబ్బా తేవద్దు. వాడికి చొక్కాలన్నీ బిగుతైపోయాయి, కొనుక్కోమంటే షాపులో సైజు చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు. 44 సైజువి రెండు కాటన్ చొక్కాలు తీసుకురా, లేత నీలం అయితే వాడికి ఇష్టం.

ఇట్లు
అమ్మ