సేవా కార్యక్రమం మొక్కలకు వేసవి గండం

సంపాదకులకు నమస్కారం.

మన జిల్లాలోని కేథలిక్ ఉన్నత పాఠశాలల్లో సేవా కార్యక్రమం అనగానే ముందు మొక్కలు నాటడమే గుర్తొస్తుంది. కొన్నిచోట్ల దాన్ని ఈస్టర్‌కు ముందు ఉపవాస ప్రార్థనలు చేసే తపస్సు కాలంలో, అంటే ఫిబ్రవరి, మార్చిలో పెడుతున్నారు. పుణ్యకాలమే గానీ, మొక్కకు అంతకంటే చెడ్డకాలం లేదు. పరీక్షలు ముగిసేలోపే ఎండ ముదురుతుంది. ఏప్రిల్ చివర బడి మూతపడితే నీళ్లు పోసే దిక్కుండదు.

జూన్‌లో బడి తెరవగానే గుంతలు తీసి, వానలు పడ్డాక నాటాలి. చిత్తూరుకు ఈశాన్య రుతుపవనాల వర్షం కూడా ఉంది కాబట్టి డిసెంబరు దాకా వేరు దిగే వ్యవధి దొరుకుతుంది. గుంత పొడవు, వెడల్పు, లోతు అడుగున్నర. పైమట్టిని విడిగా పోసి, అందులో మూడోవంతు మాగిన పశువుల ఎరువు, చెదలు పట్టకుండా గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. నర్సరీ కవరు తీయకుండానే పాతిపెడితే వేళ్లు లోపలే చుట్టుకుని మొక్క గిడసబారుతుంది. హడావుడిలో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. కానుగ జోలికి మేకలు అంతగా రావు, వేపకు మాత్రం ముళ్లకంప కట్టాల్సిందే.

పిల్లలు చేసిన సేవకు వేసే గంటల లెక్కా మారాలి. నాటినందుకు ఒక గంట చాలు, మిగిలినవి నీళ్లు పోసినందుకే ఇవ్వాలి. వేసవిలో వారానికి రెండుసార్లు, సాయంత్రం పూట, మొక్కకు బిందెడు. బడి దగ్గరి పిల్లలకు ఇద్దరిద్దరుగా వంతులు వేయవచ్చు. ఫొటోలు చూసి కాకుండా, మరుసటి జూన్‌లో బతికున్న మొక్కలు లెక్కబెట్టి మార్కులు వేయాలని యాజమాన్యాలను కోరుతున్నాం.

– కొందరు ఉపాధ్యాయులు, చిత్తూరు