ఆ రాతి గుండు మీద మూడు గంటలు ఇవ్వండి సార్

జిల్లా అటవీ అధికారి గారికి నమస్కారం.

పోయిన ఆదివారం బండలు ఎక్కడం నేర్చుకుందామని తాళ్లు, హెల్మెట్లతో వచ్చిన మా పిల్లల్ని మీ అటవీ పార్కు గేటు దగ్గరే ఆపేశారు. వాళ్ల మొహాలు చూడలేకపోయాను.

2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్‌లు రాయి ఎక్కడం నేర్చుకుంది భువనగిరి బండ మీదే. అప్పుడది మన నల్లగొండ జిల్లాయే.

బండకూ, అక్కడి ప్రాణులకూ హాని జరుగుతుందన్న మీ భయం న్యాయమైనదే. రాతికి మేకు కొడితే ఆ గాయం మానదు. మేం కొట్టం. పైనున్న చెట్టుకు ముందు గోనెపట్టా చుట్టి, దాని మీద తాడు కడతాం, బెరడు చెక్కుకుపోకుండా. గుడ్లగూబ గుడ్లు పెట్టిన నెర్రె వైపు, దాని పిల్లలు ఎగిరిపోయేదాకా వెళ్లం. తేనెపట్టున్న వైపు అసలే వద్దు.

ఆదివారం ఉదయం 6 నుంచి 9 దాకా చాలు. ఒక్కసారి వచ్చి, ఏ బండ ఎక్కొచ్చో, ఏది వద్దో మీరే చూపించండి సార్.

ఇట్లు,
నల్లగొండ క్లైంబింగ్ కోచ్