కూరల ధర గురించి కౌలు రైతును, గంపల ఆవిడను కూడా అడగండి

సంపాదకుల వారికి,

మధ్యలో దళారీ లేకుండా రైతుకు నాలుగు డబ్బులు మిగలాలి, కొనేవాళ్లకు నాలుగు డబ్బులు తగ్గాలి అని 1999లో రైతు బజార్లు పెట్టారు. వాటివల్ల విజయవాడలో ఎన్నో సంసారాలు గట్టెక్కుతున్న మాట వాస్తవం. కానీ బోర్డు మీద రాసిన ఆ ధర చిట్టినగర్, కొత్తపేట, విద్యాధరపురం కొండల మీదికి రావడం లేదు.

మా మెట్ల మీదికి తోపుడు బండి ఎక్కదు. కూరలమ్మే ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని వస్తుంది. సగం దూరంలో ఎవరింటి అరుగు మీదో దించి, కాసిని మంచినీళ్లు తాగి, ఇంకొకరి చేత గంప ఎత్తించుకుని మళ్లీ ఎక్కుతుంది. కింద పది రూపాయల తోటకూర కట్ట పైన పదిహేను. ఆ కష్టానికి ఐదు రూపాయలు ఎక్కువేం కాదు. కానీ అది ఇస్తున్నదెవరు? రోజు కూలికి వెళ్లేవాళ్లు.

అటు రైతు సంగతీ అంతే. కృష్ణా లంకల్లో, కంకిపాడు వైపు కూరగాయలు వేసేవాళ్లలో చాలామంది కౌలుదార్లు. 2019 నాటి చట్టం ప్రకారం కౌలు కార్డు రావాలంటే పొలం యజమాని సంతకం పెట్టాలి. భూమి ఎక్కడ చేజారుతుందోనని చాలామంది పెట్టరు. చేతిలో కాగితం లేనివాడు బజారులో చోటు ఏమని అడుగుతాడు? తెల్లారేలోపు సరుకంతా హోల్‌సేల్ వాళ్లకు పోసి, వాళ్లు చెప్పిన రేటు తీసుకుని బస్సెక్కుతాడు.

వీధి వ్యాపారుల కోసం 2014లో వచ్చిన చట్టం, పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ వ్యాపారులే ఉండాలని, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలని చెప్పింది. కూరగాయల విషయంలోనూ రైతులు, అమ్మేవాళ్లు, కొనేవాళ్లు అలాగే కలిసి ఎందుకు కూర్చోకూడదు? నెలకోసారి, గంపలు ఖాళీ అయ్యే మధ్యాహ్నం వేళ, ఏసీ హాల్లో కాకుండా బజారు షెడ్డులోనే సమావేశం పెట్టండి. లంకల నుంచి వచ్చే రైతుకు రానుపోను చార్జీలు ఇవ్వండి. మార్కెటింగ్ శాఖవాళ్లు, కార్పొరేటర్లు వచ్చి ముందు వినాలి.

మొదట తేల్చాల్సిన సంగతి ఒకటుంది. 2020 లాక్‌డౌన్‌లో మొబైల్ రైతు బజార్లు వీధుల్లోకి వచ్చాయి. ఆ వాహనాన్ని కొండ మొదట్లో నిలిపితే మాకు మేలే, కానీ గంపల ఆవిడ బేరం పోతుంది. ఆమెకే ఆ వాహనం దగ్గర బోర్డు ధర కన్నా కాస్త తక్కువకు సరుకిస్తే ఎలా ఉంటుంది? అది ఆమె ముందే మాట్లాడాలి.

మా కొండ మీది డ్వాక్రా సంఘాల ఆడవాళ్లం రావడానికి సిద్ధంగా ఉన్నాం. తేదీ చెప్పండి చాలు.

- ఒక గృహిణి, చిట్టినగర్, విజయవాడ